స్పంజికలు లేకపోతే సముద్రం ఎంత లోతు?



మా ఎదురింట్లో ఏడో తరగతి చదివే పాప ఉంది. మొన్న సెలవుల్లో ఓ సాయంత్రం సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చి, "తాతగారూ, స్పంజికలు అన్నేసి నీళ్ళు పీల్చుకుంటాయి కదండీ, అవే లేకపోతే సముద్రం ఇంకెంత లోతుగా ఉండేదండీ?" అని అడిగింది. "అవి పీల్చుకుని దాచుకోవమ్మా, సముద్రం అంతే ఉంటుంది" అని అప్పటికి చెప్పి పంపాను. ఆ రాత్రి పడుకున్నాక, నేను చెప్పింది సగం జవాబేనని తోచింది. మిగతా సగం ఈ పూట మీ అందరి ముందూ చెబుతాను. ఆ పాప కూడా వింటోంది.

ముందు నీళ్ళు పీల్చే సంగతి తేల్చుకుందాం. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళ బకెట్లో ముంచి, లోపలి గాలి పోయేదాకా పిండి వదిలేయండి. దాని చిల్లుల్లో ఉన్న నీరు ఎక్కడికీ పోలేదు, బకెట్లోనే ఉంది. స్పాంజిలోని గట్టి పదార్థం ఎంత చోటు తీసుకుందో, నీటి మట్టం అంతే పైకి లేస్తుంది. దాన్ని తడితడిగా బయటికి తీస్తేనే మట్టం దిగుతుంది. సముద్రంలో ఉన్న స్పంజికను ఎవరూ బయటికి తీయరు కదా. పైగా బతికున్న స్పంజిక నీటిని పట్టి ఉంచే రకం కాదు. ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాల్లోంచి నీటిని లోపలికి లాగుతుంది, అందులోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది, మిగిలిన నీటిని పైనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి తోసేస్తుంది. దానికి గుండె లేదు, నోరు లేదు, మెదడు లేదు. ఉన్నదల్లా కొరడాల్లాంటి సన్నని తోకలు ఆడించే లక్షలాది కణాలు. వాటి బలంతోనే రోజూ తన ఒంటికి ఎన్నో వేల రెట్లు నీటిని తనలోంచి పారిస్తుంది. నీటిని దాచుకునే సంచి కాదది, రాత్రింబవళ్ళు నడిచే మోటారు.

సరే, దాని గట్టి ఒళ్ళయినా చోటు తీసుకుంటుంది కదా? స్పంజికలే కాదు, చేపలు, రొయ్యలు, తిమింగలాలు, నాచు, కంటికి కనపడని జీవులు, అన్నిటినీ ఒక్కసారిగా సముద్రంలోంచి తీసేస్తే మట్టం ఎంత దిగుతుంది? లెక్క వేసి చూద్దాం. 2018లో ముగ్గురు శాస్త్రవేత్తలు భూమ్మీది జీవరాశి మొత్తాన్నీ తూకం వేసినంత పని చేశారు. వాళ్ళ అంచనాలో సముద్ర జీవుల ఒంట్లో ఉన్న కార్బన్ సుమారు 600 కోట్ల టన్నులు. తడి ఒంటి బరువు దానికి పదింతలు అనుకుంటే 6,000 కోట్ల టన్నులు. జీవుల ఒళ్ళు నీటి బరువుకు దగ్గరగానే ఉంటాయి గనక, అది 60 ఘన కిలోమీటర్ల నీరు పట్టే చోటు. సముద్రాల వైశాల్యం 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. భాగించి చూస్తే వచ్చేది మిల్లీమీటరులో ఆరో వంతు. సముద్రం సగటు లోతు 3,700 మీటర్ల దాకా ఉంది, అందులో మిల్లీమీటరులో ఆరో వంతు! వేడెక్కుతున్న భూమ్మీద మంచు కరిగి, నీరు వ్యాకోచించి సముద్ర మట్టం ఇప్పుడు ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. అంటే లోకంలోని సముద్ర జీవులన్నీ కలిసి ఆక్రమించిన చోటు ఆ పెరుగుదలలో పదిహేను రోజుల పాటి.

ఈ లెక్క వేశాక నాకు సంతోషం కలగలేదు, దిగులేసింది. అంత నీటిలో ప్రాణం ఇంత పలచగా ఉందా అని.

అయితే లోతు అంటే నీటి పైమట్టం ఒక్కటే కాదు. పైన ఒక మట్టం, కింద ఒక నేల, ఈ రెంటి మధ్య దూరం. దాహమేసిన కాకి కుండలో రాళ్ళు వేసి నీటిని పైకి తెచ్చుకుంది. ఆ రాళ్ళు బయటివి. సముద్రపు జీవులు మాత్రం నీటిలో కరిగి ఉన్న దాన్నే రాయిగా మార్చి అడుగున పేరుస్తాయి. కొండల మీద వాన కురిసి, రాళ్ళు అరిగి, సున్నమూ సిలికా నదుల్లో కరిగి సముద్రం చేరతాయి. మన కృష్ణా గోదావరులూ అనాదిగా ఆ పనే చేస్తున్నాయి. ఆ సున్నంతో గవ్వ ఇల్లు కట్టుకుంటుంది, పగడం గూడు కట్టుకుంటుంది. సిలికాతో కొన్ని స్పంజికలు గాజు ముళ్ళు తయారు చేసుకుంటాయి. కొలిమి లేదు, మంట లేదు. చల్లని చీకటి నీళ్ళలో, మామూలు గాజుకన్నా తేలిగ్గా వంగే గాజు. అలాంటి ఒక లోతు నీటి స్పంజికది ఒకే ఒక్క ముల్లు, నిలువెత్తు మనిషిని మించి పెరిగేది, దాదాపు 11 వేల ఏళ్ళ వయసుదని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. చెట్టు మానులో వలయాల్లా ఆ ముల్లు పొరల్లో అన్ని వేల ఏళ్ళ సముద్రపు చలీ వేడీ నమోదై ఉన్నాయి.

ఇప్పుడు పాప ప్రశ్నకు అసలు జవాబు దగ్గరికి వస్తున్నాను. కెనడా పశ్చిమ తీరంలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఒడ్డున హెకేట్ జలసంధి అనే చోటుంది. 1987లో కెనడా భూగర్భ సర్వే వాళ్ళు అక్కడ అడుగును సోనార్‌తో పటం గీస్తున్నారు. ఓడ నుంచి శబ్దం కిందికి పంపుతారు, అది అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు కడతారు. చదునుగా ఉండాల్సిన చోట ఎత్తయిన గుట్టలు కనిపించాయి. రాయి అయితే శబ్దం గట్టిగా తిరిగి రావాలి. ఆ గుట్టలు శబ్దాన్ని మెత్తగా మింగేస్తున్నాయి. రాయి కాదు, ఇసుక కాదు. ఏమిటవి?

గాజు స్పంజికలు. వేలాది ఏళ్ళుగా ఒకదాని అస్థిపంజరం మీద ఒకటి మొలిచి కట్టిన దిబ్బలు.

అది ఎలా పెరుగుతుందో వింటే ముచ్చటేస్తుంది. హిమయుగం ముగిసే రోజుల్లో తేలుతున్న మంచుకొండలు అడుగును దున్నుకుంటూ పోయి, బురద కింది గులకరాళ్ళను బయటపెట్టాయి. స్పంజిక పిల్ల ఈదుకుంటూ వచ్చి గట్టి ఆధారం మీద మాత్రమే నాటుకుంటుంది, బురదలో నిలవదు. ఆ రాళ్ళ మీద మొదటి తరం నిలబడింది. ఈ జాతి స్పంజికల గాజు ముళ్ళు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. అందుకే ప్రాణం పోయినా అస్థిపంజరం కూలిపోదు, పాడుబడిన ఇల్లులా నిలబడే ఉంటుంది. పిల్ల స్పంజిక వెతుక్కుంటూ వచ్చి చచ్చిపోయిన తాత ముత్తాతల అస్థిపంజరం మీద వాలుతుంది. ఈలోగా ప్రవాహంలో వచ్చే సన్నని ఒండ్రు ఆ గాజు కొమ్మల మధ్య చిక్కుకుంటుంది. నదిలో కంప నాటితే ఇసుక మేట వేసినట్టే. ఒండ్రు కిందిభాగాన్ని గట్టిపరుస్తుంది, పైన కొత్త తరం పెరుగుతుంది. మళ్ళీ ఒండ్రు, మళ్ళీ తరం. ఇలా సుమారు 9 వేల ఏళ్ళు. మన దేశంలో పొలం దున్నడం ఇంకా మొదలైందో లేదో అన్న కాలం నుంచి అక్కడ ఈ కట్టుబడి ఆగకుండా సాగుతోంది.

ఆ దిబ్బల్లో కొన్ని 20 మీటర్ల ఎత్తు దాకా లేచాయి. మన తీరంలో మత్స్యకారులు లోతును బారల్లో చెబుతారు. రెండు చేతులూ బారజాపితే వచ్చే కొలత బార. 20 మీటర్లంటే పదకొండు బారలు. ఆరంతస్తుల మేడ ఎత్తు. దాదాపు 200 మీటర్ల లోతున్న చోట స్పంజికలు అడుగును పదకొండు బారలు పైకి లేపాయి. అవే లేకపోతే ఆ చోట సముద్రం అంత మేర ఎక్కువ లోతుగా ఉండేది. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు అక్కడుంది. ఆ రోజు "సముద్రం అంతే ఉంటుంది" అని చెప్పాను. హెకేట్ జలసంధిలో ఆ మాట నిలవదు.

ఇందులో ఇంకో వింత ఉంది. స్పంజికలు ఇంత పెద్ద దిబ్బలు కట్టడం డైనోసార్లతోనే ముగిసిందని అందరూ అనుకున్నారు. జురాసిక్ యుగంలో ఐరోపా ఖండాన్ని ముంచిన సముద్రంలో అలాంటి దిబ్బలు వేల కిలోమీటర్ల పొడవున ఉండేవి. ఇప్పుడవి జర్మనీ కొండల్లో రాళ్ళు. ఆ రాళ్ళను చదవడమే పనిగా పెట్టుకున్న జర్మన్ పురాజీవ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ క్రౌటర్, 1999లో చిన్న జలాంతర్గామిలో హెకేట్ జలసంధి అడుగుకు దిగి, తాను రాతిలో చూసినదాన్ని ప్రాణంతో చూశారు. ఏళ్ళ తరబడి శాసనాలు చదివిన మనిషి, వాటిని చెక్కించిన రాజుతో ఎదురుపడి మాట్లాడినట్టు ఉండి ఉంటుంది.

కానీ అప్పటికే ఆ దిబ్బల మీద గాట్లు పడి ఉన్నాయి. అడుగును ఊడ్చుకుంటూ పోయే ట్రాల్ వలలు వాటిని పొడిపొడి చేసిన జాడలు. గాజు కదా, తగిలితే చాలు. వల ఒక్కసారి లాగడానికి పట్టేది కొద్ది గంటలు. ఆ ఎత్తు పేరడానికి పట్టింది వేల ఏళ్ళు. పైగా విరిగిన అస్థిపంజరాలు బురదలో కూరుకుపోతే, పిల్ల స్పంజిక వాలడానికి ఆధారమే ఉండదు. అందుకే ఒకసారి చెడితే మళ్ళీ మొదలవడం అంత కష్టం. 2002లో అక్కడ ట్రాల్ వేటను ఆపించారు. 2017 ఫిబ్రవరిలో ఆ ప్రాంతాన్ని కెనడా ప్రభుత్వం సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు, ఎన్నడూ చూడని చోటు గురించి, ఎన్నడూ చూడబోని జీవుల గురించి నా కళ్ళు చెమర్చాయి.

సోనార్ మాట వచ్చింది గనక, ఆ శబ్దం ఒకప్పుడు పొరబడిన సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, అమెరికాలోని శాన్ డియాగో దగ్గర జలాంతర్గాముల జాడ పట్టే శబ్ద ప్రయోగాలు చేస్తుంటే, సముద్రం మధ్యలో 300 మీటర్లు, అంతకు పైబడిన లోతున ఏదో పొర శబ్దాన్ని వెనక్కి పంపింది. అసలు అడుగు దానికి ఎంతో కిందుంది. మరి ఈ రెండో అడుగు ఎక్కడిది? 1945లో మార్టిన్ జాన్సన్ అనే జీవశాస్త్రవేత్త ఒక రాత్రంతా ఓడ మీద కూర్చుని దాన్ని కనిపెట్టి చూశాడు. చీకటి పడుతుంటే ఆ అడుగు పైకి లేచింది, తెల్లవారుతుంటే మళ్ళీ కిందికి దిగింది. నేల అలా నడవదు. అది జీవుల గుంపు. చిన్న చిన్న చేపలు, రొయ్యల్లాంటి జీవులు, జెల్లీ ఒళ్ళున్నవి. పగలు చీకటి లోతుల్లో దాక్కుని, రాత్రి పైకొచ్చి మేసి పోతాయి. చేపల కడుపులోని గాలితిత్తులు శబ్దాన్ని అద్దంలా వెనక్కి కొడతాయి. రోజూ రాత్రి భూగోళమంతటా జరిగే ఈ రాకపోకలను మించిన జీవుల ప్రయాణం ఈ భూమ్మీద లేదంటారు. అంతకుముందు పటాల మీద గుర్తు పెట్టిన మెరక దిబ్బల్లో కొన్ని, తర్వాత వెళ్ళి చూస్తే అక్కడ లేవు. ఓడ కింద నుంచి ఒక చేపల మంద వెళ్ళి ఉంటుంది.

ఆ శాన్ డియాగో నుంచే లా ఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1950లలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. విద్యార్థులను వెంటబెట్టుకుని నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతం లోతులు కొలిచారు. విశాఖ తీరానికి ఎదురుగా నీటి అడుగున ఉన్న లోయలకు పేర్లు పెట్టిందీ ఆ రోజుల్లోనే. వాటిలో ఒకటి ఆంధ్ర కేన్యన్. బీచి రోడ్డు మీద సాయంత్రం పూట గాలికి నడిచేవాళ్ళలో ఎందరికి తెలుసో, ఎదురుగా నీళ్ళ కింద తెలుగు పేరున్న లోయ ఉందని.

స్పంజికలు, చేపలు కంటికి ఆనేవి. సముద్రం అడుగును నిజంగా పరిచేవి మాత్రం ఆనని జీవులు. పైపొరల్లో తేలుతూ బతికే ఫొరామినిఫెరా, కాకోలిథోఫోర్ అనే సూక్ష్మజీవులకు సున్నపు గుల్లలుంటాయి. చచ్చాక ఆ గుల్లలు వర్షంలా కిందికి రాలతాయి. 1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగిన చాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ, తాళ్ళు కట్టి లోతుల్లోంచి తీసిన మట్టిలో కనిపించింది చాలావరకు ఈ గుల్లలే. వెయ్యేళ్ళకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున పేరిన ఆ తెల్లని అడుసు ఈనాడు సముద్రపు నేలలో దాదాపు సగాన్ని కప్పి ఉంది. మన తీరపు ఊళ్ళలో గవ్వలు కాల్చి గుల్లసున్నం చేసేవాళ్ళు, తాంబూలంలోకి అదే శ్రేష్ఠమని పెద్దవాళ్ళు అనేవారు. సముద్రం అడుగున అలాంటి సున్నం వందల మీటర్ల మందాన ఉన్న చోట్లున్నాయి. అయితే నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటితే అది కనబడదు. అక్కడి చల్లని, ఒత్తిడి ఎక్కువైన నీటిలో గుల్లలు కరిగిపోతాయి. అందుకే నీటిలోని పర్వతాలకు శిఖరాలు తెల్లగా, లోయలు ముదురు మట్టి రంగులో ఉంటాయి. హిమాలయాలను చూసినట్టే ఉంటుంది, చూడగలిగితే.

ఇక పగడాల సంగతి. బీగిల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్‌కు ఒక ఊహ వచ్చింది. నడి సముద్రంలో ఉంగరంలా ఉండే పగడపు దీవుల కింద చల్లారిన అగ్నిపర్వతాలున్నాయని, ఆ కొండలు మెల్లగా కుంగుతుంటే పగడాలు వెలుతురు కోసం అంతే మెల్లగా పైకి కట్టుకుంటూ వచ్చాయని. 1842లో పుస్తకం రాశాడు. ఎవరైనా కోటీశ్వరుడు డబ్బిచ్చి ఒక దీవిలో బోరు వేయిస్తే బాగుండునని చివరి రోజుల్లో మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ బోరు 1952లో పడింది, పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో. పగడపు సున్నపురాయిలో సుమారు 1,400 మీటర్లు తొలిచాక కింద అగ్నిపర్వతపు నల్లరాయి తగిలింది. డార్విన్ చనిపోయి అప్పటికి 70 ఏళ్ళు. ఆయన మాట నిజమని తేల్చిన ఆ బోరు వేసినవాళ్ళు అక్కడికి వచ్చిన అసలు పని మాత్రం హైడ్రోజన్ బాంబు పరీక్ష. అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పగడాలే లేకపోతే అక్కడ దీవి లేదు. కిలోమీటరు పైబడిన లోతు నీళ్ళుండేవి. మన లక్షద్వీప్ కూడా ఆ పగడాల కట్టుబడే. అక్కడ ఇళ్ళు, కొబ్బరి చెట్లు, బడులు అన్నీ పగడాలు లోతును జయించిన చోట నిలబడి ఉన్నాయి.

కట్టేవి ఉన్నట్టే తవ్వేవీ ఉన్నాయి. క్లియోనా అని ఒక జాతి స్పంజిక ఉంది. అది గాజు దిబ్బ కట్టదు, పగడపు రాతిలోకి, ఆల్చిప్పల్లోకి తొలుచుకుని పోతుంది. కణాలతో రాతిని కొద్దికొద్దిగా కరిగించి, చిన్న చిన్న పెచ్చులు ఊడదీసి బయట పోస్తుంది. పగడం ఆరోగ్యంగా ఉన్నంతకాలం కట్టుబడి ముందుంటుంది. పగడం జబ్బుపడి, వేడికి తెల్లబడి చస్తే తవ్వకం ముందుకొస్తుంది. 2017లో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు పాత కొలతలనూ కొత్త కొలతలనూ పోల్చి చూశారు. హవాయి దీవుల్లోని మావి చుట్టూ అడుగు నుంచి 8 కోట్ల ఘన మీటర్లకు పైగా రాయీ ఇసుకా పోయాయి. ఫ్లోరిడా తీరంలోనూ అడుగు కుంగింది. పైన నీరు పెరుగుతోంది, కింద నేల తరుగుతోంది. ఒడ్డున ఉండేవాళ్ళకు ఈ రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. దిబ్బ తగ్గిన కొద్దీ అల విరగకుండా నేరుగా వాకిట్లోకి వస్తుంది.

ఇంతసేపూ దూరపు సముద్రాల గురించే చెప్పాను. చివరగా కడప జిల్లా వేంపల్లెకు రండి. ఆ చుట్టుపక్కల బూడిదరంగు సున్నపు రాళ్ళను కొన్ని చోట్ల అడ్డంగా విరిగిన వైపు చూడండి. కోసిన ఉల్లిపాయలో పొరల్లా, వంపులు వంపులుగా గీతలుంటాయి. శాస్త్రజ్ఞులు వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట అది సముద్రం. చేప లేదు, గవ్వ లేదు, స్పంజిక కూడా ఇంకా పుట్టలేదు. నీలి ఆకుపచ్చ నాచు మాత్రం ఉంది. జిగురుగా పరుచుకుని, మీద పడిన సున్నపు ధూళిని పట్టుకుని, పూడిపోతే మళ్ళీ వెలుగు కోసం పైకి పాకి ఇంకో పొర. హెకేట్ జలసంధిలో స్పంజికలు చేస్తున్నదీ అదే, ఎనివెటాక్‌లో పగడాలు చేసిందీ అదే. ఆ రాళ్ళలోనే అలలు తాకిన గీతలు, ఎండకు బీటలు వారిన బురద ఆనవాళ్ళు ఉన్నాయి. అంటే నీరు లోతు లేదు. అయినా ఆ రాతి వరుసలు కిలోమీటరున్నర పైబడిన మందం ఉన్నాయి. లోతు లేని నీళ్ళలో అంత మందం ఎలా పేరింది? నేల కుంగుతూ వచ్చింది, నాచు పూడుస్తూ వచ్చింది. డార్విన్ పగడాల గురించి చెప్పిన మాటే.

సెలవులకు ఆ పాపను వాళ్ళ నాన్నగారు గండికోట చూపించడానికి తీసుకెళ్తారట. వేంపల్లె దారిన వెళ్ళమని చెప్పాను. ఆ పొరల రాయి మీద అరచెయ్యి ఆనించి చూడమ్మా. నీ వేళ్ళ కింద ఉన్నది ఒకనాటి సముద్రం అడుగు.